హైదరాబాద్‌లో లైబ్రరీ ఉద్యోగం: మొదటి కౌంటర్ నుంచి అసోసియేట్ హోదా దాకా

ఉద్యోగ ప్రకటన చేతికి రాగానే చాలామంది కళ్లు పోస్టు పేరు మీద పడతాయి. లైబ్రరీ రంగంలో ముందు చూడాల్సింది పే లెవెల్, అంటే వేతన స్థాయి. 'అసోసియేట్ లైబ్రేరియన్' అనే పేరుకు అన్నిచోట్లా ఒకే అర్థం లేదు. యూజీసీ (విశ్వవిద్యాలయ నిధుల సంఘం) 2018 నిబంధనల్లో అసలు ఆ పేరే కనిపించదు. అక్కడ ఉన్నవి అసిస్టెంట్ లైబ్రేరియన్, డిప్యూటీ లైబ్రేరియన్, లైబ్రేరియన్. అసోసియేట్ ప్రొఫెసర్‌కు సమానమైనది డిప్యూటీ లైబ్రేరియన్ పోస్టు. ప్రైవేటు సంస్థల్లో మాత్రం 'అసోసియేట్' అంటే డిప్యూటీతో సమానమైన పెద్ద హోదా కావచ్చు, నిన్న చేరిన ట్రైనీ కూడా కావచ్చు. కాబట్టి ఇంటర్వ్యూలో మొహమాటపడకుండా అడగండి: ఇది ఏ లెవెల్? స్కేలా, కన్సాలిడేటెడ్ (ఏకమొత్తం) జీతమా? పై పోస్టులో ఎవరున్నారు?

ఏ నిచ్చెన ఎక్కుతున్నారో ముందు తేల్చుకోండి

ఈ ఊళ్లో లైబ్రరీ ఉద్యోగాల నిచ్చెనలు చాలానే ఉన్నాయి. కష్టమల్లా ఒకదాని మీంచి ఇంకోదాని మీదికి మారడంలోనే.

మొదటిది యూజీసీ స్కేలు. అసిస్టెంట్ లైబ్రేరియన్‌గా చేరితే అకడమిక్ లెవెల్ 10, మూలవేతనం రూ.57,700. అక్కడి నుంచి లెవెల్ 11, 12, ఆ తర్వాత 13ఏ. ఈ 13ఏ అంటే డిప్యూటీ స్థాయి, మూలవేతనం రూ.1,31,400 నుంచి మొదలవుతుంది.

రెండోది కేంద్రీయ విశ్వవిద్యాలయాల్లోని నాన్ టీచింగ్ వరుస. హెచ్‌సీయూ (హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయం), మనూ (మౌలానా ఆజాద్ ఉర్దూ విశ్వవిద్యాలయం), ఇఫ్లూ (ఇంగ్లిష్, విదేశీ భాషల విశ్వవిద్యాలయం) ఈ కోవలోకి వస్తాయి. సెమీ ప్రొఫెషనల్ అసిస్టెంట్ లెవెల్ 5 (రూ.29,200), ప్రొఫెషనల్ అసిస్టెంట్ లెవెల్ 6 (రూ.35,400). మంచి ఉద్యోగాలే, కాదనను. కానీ ప్రొఫెషనల్ అసిస్టెంట్‌గా పదేళ్లు చేసినా అసిస్టెంట్ లైబ్రేరియన్ కుర్చీ దానంతటదే రాదు. బయటి అభ్యర్థులతో పాటు నెట్ (జాతీయ అర్హత పరీక్ష) లాంటి అర్హతతో దరఖాస్తు చేసుకోవాల్సిందే. డిప్యూటీ పోస్టుకు అడిగే 8 ఏళ్ల అనుభవం కూడా అసిస్టెంట్ లైబ్రేరియన్‌గానో, కాలేజీ లైబ్రేరియన్‌గానో చేసినదై ఉండాలి. ఈ సంగతి చాలామందికి ఉద్యోగంలో చేరి, పెళ్లయి, పిల్లలు పుట్టాక తెలుస్తుంది. అప్పుడు నెట్ పుస్తకం తెరవడం ఎంత కష్టమో వేరే చెప్పాలా?

మూడోది రాష్ట్ర ప్రభుత్వం వైపు దారి: జూనియర్ కాలేజీలు, పాలిటెక్నిక్‌లు, గురుకులాలు, జిల్లా గ్రంథాలయ సంస్థలు. పబ్లిక్ సర్వీస్ కమిషన్ 2022లో ఇంటర్మీడియట్, సాంకేతిక విద్యా శాఖల లైబ్రేరియన్ పోస్టులకు నోటిఫికేషన్ ఇచ్చింది. 2023లో గురుకుల బోర్డు కూడా పెద్ద సంఖ్యలోనే లైబ్రేరియన్ పోస్టులు భర్తీకి పెట్టింది. ఈ నోటిఫికేషన్లు ఏటా వచ్చే పండగలు కావు. వచ్చినప్పుడు చదువు పూర్తయి, సర్టిఫికెట్లు చేతిలో ఉన్నవాళ్లకే ఉపయోగం. కేంద్రీయ విద్యాలయాల లైబ్రేరియన్ పోస్టు కూడా మరిచిపోవద్దు. అది లెవెల్ 7, మూలవేతనం రూ.44,900.

ఇక ప్రైవేటు: ఇంజినీరింగ్ కాలేజీలు, ఇంటర్నేషనల్ స్కూళ్లు, ప్రైవేటు విశ్వవిద్యాలయాలు, న్యాయ సంస్థలు, ఫార్మా కంపెనీల సమాచార విభాగాలు. జీతాల్లో నేలకూ నింగికీ ఉన్నంత తేడా ఉంటుంది. పని నేర్చుకోవడానికి మాత్రం చిన్న ప్రైవేటు కాలేజీని మించినది లేదని నా అభిప్రాయం. పుస్తకాల ఆర్డరు మొదలు నో డ్యూస్ సంతకం దాకా అన్నీ మీ నెత్తినే పడతాయి.

చదువు

డిగ్రీ తర్వాత ఏడాది బీఎల్ఐఎస్సీ (లైబ్రరీ సైన్స్‌లో బ్యాచిలర్స్), ఆ పైన ఏడాది ఎంఎల్ఐఎస్సీ (మాస్టర్స్). ఉస్మానియాలో రెగ్యులర్‌గా చదవొచ్చు. ఉద్యోగం చేసుకుంటూ చదవాలంటే జూబ్లీహిల్స్‌లోని అంబేడ్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం, ఇగ్నో ఉన్నాయి. స్కూలు లైబ్రేరియన్‌గా స్థిరపడాలనుకుంటే చాలాచోట్ల బీఎల్ఐఎస్సీ సరిపోతుంది. యూజీసీ స్కేలు కావాలంటే ఎంఎల్ఐఎస్సీలో 55 శాతం తప్పనిసరి. ఎస్సీ, ఎస్టీ, నాన్ క్రీమీలేయర్ ఓబీసీ, దివ్యాంగ అభ్యర్థులకు 5 శాతం సడలింపు ఉంది. 54.6 వచ్చింది కదా, సర్దుకుంటారులే అనుకోవద్దు, సర్దుకోరు. మార్కులు తక్కువపడితే ఇంప్రూవ్‌మెంట్ రాసే వీలుందేమో అదే ఏడాది కనుక్కోండి.

రెగ్యులరా, దూరవిద్యా అన్న టెన్షన్ పెట్టుకోకండి. గుర్తింపు ఉన్న విశ్వవిద్యాలయమైతే చాలు. దూరవిద్యలో చదివేవాళ్లకు లోటు పడేది ప్రాక్టికల్స్‌లోనే. దాన్ని పూడ్చుకోవడానికి వారంలో ఒక పూట ఏదైనా కాలేజీ లైబ్రరీలో ఉచితంగానైనా పనిచేయండి. వచ్చిన పుస్తకాలకు వర్గీకరణ నంబర్లు వేసి, అక్కడి లైబ్రేరియన్‌తో దిద్దించుకోండి.

నెట్, సెట్: ఎంత తొందరగా రాస్తే అంత మంచిది

లైబ్రరీ సైన్స్ నెట్ సబ్జెక్టు కోడ్ 59. మొదటి పేపర్లో 50 ప్రశ్నలకు 100 మార్కులు, రెండో పేపర్లో 100 ప్రశ్నలకు 200 మార్కులు. రెండూ కలిపి 3 గంటలు. నెగటివ్ మార్కులు లేవు కాబట్టి ఏ ప్రశ్ననూ వదిలేసి రాకండి. ఎంఎల్ఐఎస్సీ చివరి ఏడాదిలోనే రాయొచ్చు.

2024 జూన్ నుంచి నెట్ ఫలితాలను మూడు కేటగిరీలుగా ఇస్తున్నారు. జేఆర్‌ఎఫ్ (పరిశోధన ఫెలోషిప్)తో పాటు అసిస్టెంట్ ప్రొఫెసర్ అర్హత ఒకటి, అసిస్టెంట్ ప్రొఫెసర్ అర్హతతో పాటు పీహెచ్‌డీ ప్రవేశం రెండోది, కేవలం పీహెచ్‌డీ ప్రవేశం మూడోది. ఈ మూడోది వస్తే ఇంట్లో స్వీట్లు పంచుకోండి, తప్పులేదు. కానీ అది ఉద్యోగ అర్హత కాదు. దాన్ని చూపించి అసిస్టెంట్ లైబ్రేరియన్ పోస్టుకు దరఖాస్తు పెడితే స్క్రీనింగ్‌లోనే ఆగిపోతుంది.

నెట్‌తో పాటు ఉస్మానియా నిర్వహించే రాష్ట్ర స్థాయి సెట్ కూడా రాయండి. సిలబస్ దాదాపు ఒకటే. దాని అర్హత ఈ రాష్ట్ర పోస్టులకు పనికొస్తుంది. మన పిల్లలు ఎక్కువగా తడబడేది మొదటి పేపర్లోని డేటా విశ్లేషణ, లాజిక్ దగ్గర. రెండో పేపర్లో రంగనాథన్ పంచ సూత్రాలు (1931), కోలన్ వర్గీకరణ (1933) లాంటివి ఎటూ చదువుతారు. మార్కులు పోయేది పరిశోధన పద్ధతులు, గణాంకాల దగ్గర. ముందు అవి పట్టండి.

చేరిన రోజు: చార్జ్ తీసుకునేటప్పుడు

కొత్త ఉద్యోగంలో మొదటి ప్రమాదం ఇక్కడే. 'మొత్తం 32,000 పుస్తకాలు స్వాధీనం చేసుకున్నాను' అని రాసి ఉన్న కాగితం ముందు పెట్టి సంతకం చేయమంటారు. లెక్క చూడకుండా సంతకం చేస్తే, పదేళ్ల కిందట పోయిన పుస్తకాలు కూడా మీ ఖాతాలో పడతాయి. గొడవపడక్కర్లేదు. 'స్టాక్ వెరిఫికేషన్‌కు లోబడి' అని చేత్తో రాసి సంతకం చేయండి. ఆ వారమే ప్రిన్సిపల్‌కు వెరిఫికేషన్ కోసం లిఖితపూర్వకంగా అడగండి. ఇన్‌వర్డ్ నంబరు వేయించుకోవడం మరవొద్దు.

ఈ విషయంలో కేంద్ర ప్రభుత్వ జనరల్ ఫైనాన్షియల్ రూల్స్ 2017లోని 215వ నిబంధన మీకు అండ. పుస్తకాలు 20,000 లోపుంటే ఏటా పూర్తిగా లెక్కపెట్టాలి. 20,000 నుంచి 50,000 దాకా అయితే మూడేళ్లకు ఒకసారైనా లెక్క చూడాలి. 50,000 దాటితే మూడేళ్లకు మించని వ్యవధిలో నమూనా తనిఖీ చాలు. ఏడాదిలో ఇచ్చిన లేదా చదివిన ప్రతి 1,000 పుస్తకాలకు 5 పోవడం సహజమే అంటుంది ఆ నిబంధన, నిర్లక్ష్యం, మోసం లేనంతవరకు. అయితే రూ.1,000 దాటిన పుస్తకం, అరుదైన పుస్తకం పోతే మాత్రం విచారణ జరపాల్సిందే. ప్రైవేటు కాలేజీకి ఇది నేరుగా వర్తించదు. అయినా పోయిన ప్రతి పుస్తకానికీ జీతంలో కోత పెడతామనే యాజమాన్యం ముందు ఈ కాగితం పెడితే మాట తీరు మారుతుంది.

వచ్చిన ప్రతి పుస్తకాన్నీ వరుస నంబరుతో నమోదు చేసే యాక్సెషన్ రిజిస్టర్ కంప్యూటర్లో ఉన్నా సరే, ప్రింటు తీయించి బైండు చేయించి పేజీలకు నంబర్లు వేయించండి. ఆడిట్‌వాళ్లు నమ్మేది దాన్నే.

కేటలాగ్: తెలుగు పుస్తకాల దగ్గర మీ అసలు పనితనం

లైబ్రరీ పనులను కంప్యూటర్లో నడిపే కోహా సాఫ్ట్‌వేర్ ఉచితం, ఓపెన్ సోర్స్. న్యూజిలాండ్‌లో పుట్టి ఇప్పుడు మన కాలేజీల్లో విరివిగా నడుస్తోంది. కొన్ని చోట్ల యూజీసీ కేంద్రమైన ఇన్‌ఫ్లిబ్‌నెట్ వాళ్ల సోల్ సాఫ్ట్‌వేర్ ఉంటుంది. సొంత ల్యాప్‌టాప్‌లో ఉబుంటు వేసుకుని కోహా ఎక్కించి, ఇంట్లో ఉన్న వంద పుస్తకాలను ఎంట్రీ చేయండి. ఐఎస్‌బీఎన్‌కు 020, డ్యూయీ (దశాంశ వర్గీకరణ) నంబరుకు 082, రచయితకు 100, శీర్షికకు 245, విషయానికి 650: ఈ మార్క్ (కంప్యూటర్ చదివేలా కేటలాగ్ రికార్డు రాసే పద్ధతి) ట్యాగులు వేళ్లకు అలవాటైపోవాలి.

ఇంగ్లిష్ పుస్తకాల రికార్డులు బయటి కేటలాగుల నుంచి దిగుమతి చేసుకోవచ్చు. తెలుగు పుస్తకాలకు ఆ సౌకర్యం తక్కువ. మనమే చేయాలి, ఎక్కువ తప్పులు దొర్లేదీ అక్కడే. ఇంగ్లిష్ పద్ధతిలో పేరులోని చివరి మాటను ఇంటిపేరుగా తీసుకుని ముందు వేస్తారు. మన ఇంటిపేరు ముందే ఉంటుంది. విశ్వనాథ సత్యనారాయణ ఇంటిపేరు విశ్వనాథ. డేటా ఎంట్రీ కుర్రాడు అలవాటు కొద్దీ 'సత్యనారాయణ, విశ్వనాథ' అని కొట్టేస్తాడు. సి. నారాయణరెడ్డి అయితే 'రెడ్డి' కింద తేలతారు. ఆయన ఇంటిపేరు సింగిరెడ్డి, పాఠకుడు వెతికేది సినారె అని. ఈ మూడు రూపాల్లో ఏది కొట్టినా ఒకేచోటికి చేరాలంటే అథారిటీ ఫైల్ కట్టాలి: ఒక రూపాన్ని ప్రామాణికంగా పెట్టి, మిగతావాటి నుంచి దానికి దారి చూపాలి. విసుగు పుట్టించే పని. కానీ ఒకసారి చేస్తే ఆ లైబ్రరీ ఉన్నంతకాలం ఉంటుంది. ఇంటర్వ్యూలో 'మీరేం చేశారు' అని అడిగినప్పుడు చెప్పుకోవడానికి ఇంతకన్నా గట్టి జవాబు ఉండదు.

ఇంకో చిక్కు ఫాంట్లది. పాత డేటా, వెండర్లు పంపే జాబితాలు అను లాంటి యూనికోడ్ కాని ఫాంట్లలో ఉంటాయి. తెర మీద తెలుగులాగే కనిపిస్తాయి, వెతికితే ఒక్కటీ దొరకదు. కోహాలోకి ఎక్కించే ముందు యూనికోడ్‌లోకి మార్చండి. మార్చాక వత్తులు, సున్నాలు ఒక మనిషి కళ్లతో చూడాల్సిందే. ఇంగ్లిష్ లిపిలో వెతికేవాళ్ల కోసం 880 ట్యాగ్‌తో రెండు లిపుల రూపాలనూ జతచేయొచ్చు.

డ్యూయీలో తెలుగు సాహిత్యానికి నంబరు 894.827. తెలుగు విభాగం పెద్దదైన కాలేజీలో కవిత్వం, నాటకం, నవల అంతా ఈ ఒక్క నంబరు కింద పోగేస్తే అల్మరాలో ఏదీ దొరకదు. ప్రక్రియ, కాలాల వారీగా నంబరు పొడిగించండి. పొడిగించిన పద్ధతిని ఒక కాగితం మీద రాసి స్టాఫ్ టేబుల్ అద్దం కింద పెట్టండి. మీ తర్వాత వచ్చేవాళ్లు అదే అనుసరిస్తారు.

హైదరాబాద్ వాళ్లకు ఇంకో సలహా: ఉర్దూ లిపి చదవడం నేర్చుకోండి. 1891లో ఆసఫియా గ్రంథాలయంగా మొదలైన అఫ్జల్‌గంజ్ స్టేట్ సెంట్రల్ లైబ్రరీ, సాలార్‌జంగ్ మ్యూజియం లైబ్రరీ, 1918 నుంచి ఉర్దూ మాధ్యమంలో నడిచిన ఉస్మానియా, బాగ్‌లింగంపల్లిలోని సుందరయ్య విజ్ఞాన కేంద్రం: ఇన్నిచోట్ల ఉర్దూ, పారశీక సంపద ఉంది. పుస్తకం పేరు, ప్రచురణ ఏడాది చదవగలిగితే చాలు. తెలుగు, ఉర్దూ, ఇంగ్లిష్ మూడింట్లోనూ కేటలాగ్ చేయగలిగినవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

కౌంటర్ అవతలి పని

ఇష్యూ, రిటర్న్ ఎవరైనా చేస్తారు. పరిశోధక విద్యార్థి మిమ్మల్ని పేరు పెట్టి వెతుక్కుంటూ వస్తున్నాడంటే మీరు ఎదుగుతున్నట్టే. దానికి రెండు విషయాల్లో పట్టు కావాలి.

ఒకటి ఈ-వనరులు. కేంద్రం 2024 నవంబర్‌లో ఆమోదించిన వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్ పథకం కింద ప్రభుత్వ ఉన్నత విద్యా సంస్థలకు, పరిశోధన సంస్థలకు 30 ప్రచురణ సంస్థల సుమారు 13,000 జర్నళ్లు అందుతున్నాయి. మూడేళ్లకు రూ.6,000 కోట్లు. ఇన్ని ఉన్నా క్యాంపస్‌లో సగంమందికి లాగిన్ ఎలాగో తెలియదు. ప్రతి విభాగానికీ వెళ్లి అరగంట చూపించండి. ప్రైవేటు కాలేజీలో ఉంటే ఈ-జర్నళ్లు, ఈ-పుస్తకాలు అందించే ఎన్-లిస్ట్, లైబ్రరీల మధ్య పుస్తకాలు ఇచ్చిపుచ్చుకునే డెల్‌నెట్ సభ్యత్వాల సంగతి చూడండి. డెల్‌నెట్ ద్వారా వేరే ఊరి లైబ్రరీ పుస్తకం తెప్పించి ఇచ్చారంటే ఆ అధ్యాపకుడు మీ బడ్జెట్ ఫైలుకు మీటింగ్‌లో మద్దతు పలుకుతాడు. స్వార్థమే, కానీ పనికొచ్చే స్వార్థం.

రెండోది సిమిలారిటీ రిపోర్టులు, అంటే థీసిస్‌లో ఎంత శాతం వేరేచోటి రాతతో కలుస్తోందో సాఫ్ట్‌వేర్ చూపే లెక్క. యూజీసీ 2018 ప్లేజియరిజం నిబంధనల ప్రకారం 10 శాతం దాకా శిక్ష లేదు. 10 నుంచి 40 ఒక స్థాయి, 40 నుంచి 60 రెండో స్థాయి, 60 దాటితే మూడో స్థాయి. థీసిస్ గడువు ముందురోజు రాత్రి 38 శాతం చూసి వణికిపోతూ వచ్చే పిల్లలు ఉంటారు. వాళ్లకు కావాల్సింది రిపోర్టు చదవడం నేర్పే మనిషి: ఏది ఉల్లేఖనం, ఏది ప్రామాణిక పదబంధం, ఏది నిజంగా ఎత్తి రాసింది. మాటలు మార్చి శాతం తగ్గించే చిట్కాలు మాత్రం చెప్పకండి. రేపు రిపోర్టు మీద ఉండేది మీ సంతకం.

ఆధారాల ఫైలు

డిప్యూటీ పోస్టుకు పీహెచ్‌డీ, 8 ఏళ్ల అనుభవంతో పాటు నిబంధనలు అడిగేది వినూత్న సేవలకు 'ఆధారం'. ఆధారం అంటే కాగితం. చేరిన నెల నుంచే ఒక ఫైలు తెరవండి. మీరు జారీ చేసిన సర్క్యులర్లు, ఓరియెంటేషన్ తరగతుల హాజరు పట్టీలు, కోహా మార్పిడికి ముందూ తర్వాతా రికార్డుల సంఖ్య, ఈ-జర్నళ్ల నెలవారీ వాడకం, అధ్యాపకుల ఈమెయిళ్లు అన్నీ తేదీ వారీగా పెట్టండి. కాలేజీల నాణ్యతను తనిఖీ చేసే నాక్ బృందం వస్తోందనగానే ఐదేళ్ల గేట్ రిజిస్టర్ రాత్రికి రాత్రి పుట్టించే కాలేజీలు ఉన్నాయి. ఆ పని మీ చేత చేయించబోతే, రోజూ రాసిన అసలు రిజిస్టర్ మీ దగ్గర ఉండటమే మీకు రక్ష.

స్కేలులో ఉన్నవాళ్లకు లెవెల్ 10 నుంచి 11కు వెళ్లడానికి పీహెచ్‌డీ ఉంటే 4 ఏళ్లు, ఎంఫిల్ ఉంటే 5, రెండూ లేకపోతే 6. ఈలోపు 21 రోజుల ఓరియెంటేషన్ కోర్సు, ఆటోమేషన్, డిజిటలీకరణ మీద కనీసం 5 రోజుల శిక్షణ పూర్తి కావాలి. ఇలాంటి కోర్సులు నడిపే శిక్షణ కేంద్రాలు హెచ్‌సీయూ, ఉస్మానియా, మనూ మూడింట్లోనూ ఉన్నాయి. మనకు రైలెక్కే పని కూడా లేదు. 11 నుంచి 12కు 5 ఏళ్లు, అక్కడి నుంచి 13ఏకు మరో 3. గడువు పూర్తయిన నెలలోనే దరఖాస్తు ఇవ్వండి. ఆఫీసు గుర్తుచేస్తుందని కూర్చుంటే కూర్చున్నట్టే ఉంటారు.

పీహెచ్‌డీ అంశం మీ లైబ్రరీలోంచే తీసుకోండి. మీ దగ్గరున్న వాడకం డేటా, మీరు కట్టిన తెలుగు అథారిటీ ఫైలు, జిల్లా గ్రంథాలయాలకు ఇంటిపన్నులో రూపాయికి 8 పైసల చొప్పున రావాల్సిన సెస్సు కథ: ఏది తీసుకున్నా ఫీల్డ్ మీ ఇంటి పక్కనే ఉంది.

సంస్థ మారేటప్పుడు

ప్రైవేటు నుంచి ప్రభుత్వ సంస్థకు దరఖాస్తు చేసినా పాత సర్వీసు లెక్కలోకి రావొచ్చు. యాజమాన్యం ఎవరిదన్న తేడా చూడకూడదని యూజీసీ నిబంధనల్లోనే ఉంది. చూసేవి వేరు: చేరేనాటికి మీకు నిర్దేశిత అర్హత ఉందా, స్కేలు సమానమైనదేనా, సరైన సెలెక్షన్ కమిటీ ద్వారా తీసుకున్నారా, కాంట్రాక్టు అయితే మొత్తం జీతం రెగ్యులర్ ఉద్యోగి జీతానికి తగ్గలేదా. అందుకే రాజీనామా చేసే రోజు తీసుకునే ఎక్స్‌పీరియన్స్ సర్టిఫికెట్‌లో 'లైబ్రరీలో పనిచేశారు' అన్న ఒక్క వాక్యంతో సరిపెట్టుకోకండి. పోస్టు పేరు, పే స్కేలు, చేరిన తేదీ, విడిచిన తేదీ, నియామకం ఏ రకానిది అన్నవన్నీ అందులో ఉండాలి. నియామక ఉత్తర్వు, సెలెక్షన్ కమిటీ ప్రస్తావన ఉన్న పేజీ, ఫారం 16లు జెరాక్స్ తీయించి పెట్టుకోండి. పుస్తకాల లెక్క చూపించి, అల్మరాల తాళాలు, కోహా అడ్మిన్ పాస్‌వర్డ్ జాబితా వేసి కొత్తగా వచ్చినవాళ్లతో సంతకం పెట్టించుకున్నాకే రిలీవింగ్ ఆర్డర్ అడగండి.